ఆయన చూపిన నీళ్ళ ఎత్తు

చాలా ఏళ్ళ కిందట జోలార్పేటలో రైలెక్కి గుడియాత్తం వస్తున్నాను. ఎదుటి బల్ల మీద నడివయసు మనిషి ఒకాయన కూర్చున్నాడు. సొంతూరు మేల్పాడి అనీ, హైదరాబాదులో సర్వే పని చేస్తున్నాననీ చెప్పాడు. మూసీ వరదలో ఆయన భార్య కొట్టుకుపోయిందట. నగరం మళ్ళీ మునగకుండా ఎగువన పెద్ద చెరువు కట్టాలని, అందుకు తగిన చోటు చూడమని ఆయన్నే పంపారట.

"చోటు దొరికిందా అన్నా?" అన్నాను.

"దొరికిండాది నాయనా. అయితే ఆడ ఒక పల్లె ఉండాది. పోయినప్పుడంతా వాళ్ళే నాకు అన్నం పెట్టినారు."

"ఇంకో చోటు లేదా?"

"ఉండాది. పెద్ద వరదొస్తే అది చాలదు."

కిటికీ బయట సాయంత్రపు ఎండలో ఎండిన పాలారు, దాని ఒడ్డున తాటిచెట్లు, కొన్ని ఇళ్ళు. ఆయన చెయ్యి పైకెత్తి తాటితలల మీదుగా నిలిపాడు.

"ఆ పల్లెలో నీళ్ళు ఇంత ఎత్తుకొస్తాయి."

ఆ కాసేపు నాకు అంతా నీళ్ళ అడుగున ఉన్నట్టే తోచింది. తాటాకులు మెల్లగా ఊగుతున్నాయి. ఒకామె గుమ్మం ముందు చీర ఆరవేస్తోంది. చప్పుడే లేదు.

"నిన్ను పంపినవాళ్ళకు ఏ చోటని చెప్తావన్నా?"

"పల్లె ఉండే చోటే. అయితే ముందు నేనే పోయి ఆ పల్లెవాళ్ళకు చెప్పాల."

గుడియాత్తంలో దిగుతూ ఆ పల్లె పేరు అడిగాను. ఆయన చెప్పబోయి ఆగి, నా సంచి అందించాడు.

ఆ నగరానికి ఇక వరద భయం లేదని తర్వాతెప్పుడో విన్నాను. సంతోషమే కలిగింది. అయినా నీళ్ళ అడుగున పడిన ఆ పల్లె గుర్తొచ్చి, సంతోషమని ఎవరితోనూ అనలేదు.