ఇంజెక్షన్ సైగ

నిన్న బడిల నా చెయ్యి చేసిన పనికి ఇయ్యాల ముఖం దాచుకోను జాగ లేదు. ఇనుండ్రి.

సూరత్ వచ్చి ఇరవై ఏండ్లాయె, పక్కనున్న జోల్వా ఊర్ల బట్ట నేసే లూమ్ నడుపుత. కార్ఖానల చప్పుడుకు మాట వినవడది, అంతా చేతి సైగలే. దారం తెగితే ఒకటి, చాయ్‌కి ఒకటి, మిషన్ ఆపుమంటే అరచెయ్యి అడ్డం. మా ఇండ్లల్ల పిల్లలకు గూడ ఇవన్నీ వస్తయి.

నా బిడ్డ శ్రావణి పదో తరగతి. పది తర్వాత ఏం చదవాలెనో ఇంటోళ్లు, పిల్లలు కలిసి ఆలోచించాలెనని బడిల మీటింగ్ పెట్టిన్రు. పిల్లలను ఒక దిక్కు, మమ్ముల ఒక దిక్కు కూసోవెట్టి మేడం తలా ఒక కాయితం ఇచ్చింది. "పిల్లలు ఏం కావాలెనో రాయుండ్రి. ఒకలది ఒకలు చూడొద్దు. తర్వాత రెండూ పక్కన పెట్టి మాట్లాడుకుందాం" అన్నది హిందీల.

నేను "నర్సు" అని రాసిన. రాసినంక గుబులైంది. బిడ్డ ఇంకోటి రాస్తే పది మందిల ఇజ్జత్ పోదా? చూడొద్దన్నది గని సైగ చెయ్యొద్దనలేదు కదా. శ్రావణి దిక్కు తిరిగి, బొటనవేలితోని జబ్బ మీద సూది పొడిచినట్టు రెండుసార్లు చూపిచ్చిన. అది తలూపింది. నిమ్మళమైంది.

మేడం పిల్లల కాయితాలు చదువుడు షురూ చేసింది. నర్సు. నర్సు. ఇంకో నర్సు. నాకు చెమటలు పట్టినయి. ఏం రాయాలెనో తోచని లూమోళ్ల పిల్లలంతా నా సైగనే జవాబనుకున్నరు! మా పక్కింటి మల్లేశం కొడుకు, ఆరడుగుల పోరడు, వాడు గూడ నర్సే.

"ఏందన్నా, నా కొడుకును దవాఖానకు తోలితివి?" అని మల్లేశం నా తొడ గిచ్చిండు.

ఆఖరుకు శ్రావణి కాయితం. "లూమ్ మెకానిక్ డిప్లొమా."

లేసి నిలవడ్డ. "నా సైగ చూసినవ్ గదనే?"

"చూసిన బాపూ. మేడం అడిగింది నన్ను గదా."

"నర్సే ఎందుకు భాయ్?" అన్నది మేడం.

"చెవులు, మేడం. చప్పుడుకు నావి సగం పోయినయి. దవాఖానల చప్పుడుండది, బిడ్డ సల్లగుంటది..." అని అందుకున్న. ఎంతసేపు చెప్పిన్నో నాకే తెల్వది. ఎదురుంగ చూస్తే శ్రావణి అరచెయ్యి అడ్డం పెట్టింది. మిషన్ బందు. టక్కున కూసున్న.

ఇద్దరం కలిసి కొత్త కాయితం మీద డిప్లొమా అనే రాసినం. కింద "చెవులల్ల దూది పెట్టుకోవాలె" అని నేను రాయించిన.

పొద్దటి సంది గల్లీల నన్ను ఒక్కలు నోటితోని పలకరిస్తలేరు. జబ్బ మీద సూది పొడుచుకొని పోతున్నరు.