వరలక్ష్మి కోసేసిన భుజం

ఇస్త్రీపెట్టె కింద సీమ్ టేపు వేడెక్కితే ఒక ఘాటైన వాసన వస్తుంది. వానకోటు కుట్టేటప్పుడు సూది చేసిన చిల్లులను లోపలివైపు నుంచి మూసే పట్టీ అది. ఈ ఉదయం ఏలూరులో మా వరండాలో ఆ వాసన తగలగానే తాడేపల్లిగూడెం వరలక్ష్మి గుర్తొచ్చింది. మార్కెట్ యార్డు పక్కన ధాన్యం లారీలకు టార్పాలిన్లు కుట్టేది. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నాకు గురువు.

ఐదో తరగతితో బడి మానినా, ఇంగ్లీషూ కుట్టుపనీ పుస్తకాలు చూసి నేర్చుకున్నవాణ్ణి. నాకొకరు చెప్పేదేమిటన్న పొగరుండేది. మా తమ్ముడు సత్యం కలిదిండి దగ్గర చేపల చెరువులకు కాపలా. ఓ ఏడు ఊపిరితిత్తులకు నెమ్ము చేసి ఆసుపత్రి పాలయ్యాడు. మళ్ళీ తడిస్తే కష్టమన్నారు డాక్టరు. బజారులో కొన్న రెండు కోట్లూ భుజాల దగ్గర కారాయి. వాటర్‌ప్రూఫ్ అని అంతేసి ముద్ర కొట్టి, కుట్లను గాలికొదిలేసే వ్యాపారులకు సిగ్గుండదా! వాన దిగకుండా, చెమట మాత్రం బయటికి పోయే గుడ్డను హైదరాబాదు నుంచి తెప్పించి వరలక్ష్మి ముందు పడేశాను.

“నేను లారీలకి కుట్టేదాన్నండి, మనిషి కొలతలు నాకు రావు. కోటు మీరే కుట్టండి బాబాయిగారూ, నీళ్ళు దిగకుండా ఎలాగో నేను చెబుతాను,” అంది. “గుండుసూదులు పెట్టకండి, బట్టలారేసే క్లిప్పులు చాలు. ఈ గుడ్డకి చిల్లు పడితే ఇక పూడదు. కుట్టు తప్పితే నాకు చెప్పండి.”

చెప్పలేదు. కుడి భుజం మీద కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టి, పాత చిల్లుల వరస మీద జిగురు రాశాను. పైకి ఏమీ కనబడలేదు. వరలక్ష్మి కోటు తిరగేసి, భుజాన్ని సంచిలా పట్టుకుని చెంబెడు నీళ్ళు పోసింది. కారలేదు. అప్పుడు ఆ భుజాన్ని చేతుల మధ్య నలిపింది. బొట్టు పడింది. వెనకే ఇంకో బొట్టు.

“ఇక్కడేం చేశారండి?”

“గుడ్డలోనే లోపం ఉండుంటుంది.”

“లోపం ఇంత తిన్నగా, వరసగా ఉంటుందాండీ?” అంటూ కత్తెర తీసి ఆ భుజం ముక్కంతా కోసేసింది.

నాకు ఒళ్ళు మండింది. “పట్టీ అతికిస్తే పోయేదానికి ఇంత చేస్తావా? ముసురు పట్టింది. ఇంకో ముక్క కుట్టాలంటే రెండు రోజులు. ఈలోగా వాడు తడిస్తే?”

“చేపల మేత బస్తా మోసే భుజమండి, అతుకు ఎన్నాళ్ళుంటుంది? కోటు లేదని తెలిస్తే మీ తమ్ముడుగారు పాకలోకి పోతారు. ఉందని నమ్మితే వానలోనే నిలబడతారు. ఏది నయమో మీరే చెప్పండి.”

టోపీకని ఉంచిన గుడ్డలోంచి కొత్త భుజం కత్తిరించి ఇచ్చింది. ఆ సాయంత్రమే కలిదిండి వెళ్ళి, “కోటు నావల్లే పాడైందిరా. రెండు రోజులు పాక దాటకు,” అన్నాను. వాడి ముందు తప్పు ఒప్పుకోవడం నాకదే మొదలు.

సత్యం నన్ను ఎగాదిగా చూశాడు. “నీవల్లా పాడవుతాయన్నమాట, అన్నయ్యా!”

వరలక్ష్మి పోయి మూడేళ్ళు. సత్యం ఇంకా ఆ కోటుతోనే, తలకు ప్లాస్టిక్ సంచి కట్టుకుని, గట్ల మీద తిరుగుతున్నాడు. ఇప్పుడు చెరువుల కాపలావాళ్ళు నా దగ్గరికీ వస్తున్నారు. ఏ కుట్టయినా అనుమానంగా ఉంటే వాళ్ళు అడక్కముందే చెబుతాను: “ఇక్కడ నా చెయ్యి తప్పిందండి. ఇవాళ ఇది వేసుకెళ్ళకండి.” డెబ్భై దాటిన నోటికి ఆ మాట ఇప్పటికీ సులువుగా రాదు. అయినా అంటాను.