తమ్ముడి కోసం వేసిన తప్పు ముడి

నా చిన్నప్పుడు, మా తమ్ముడి కళ్లలో సున్నం పడిందన్న కబురు మొదట మోసుకొచ్చింది మా పక్కింటి దీదీ. రాంచీ వైపు నుంచి మా దీవికి వచ్చి, మేముండే డిగ్నాబాద్‌లో స్థిరపడిన మనిషి. ఆమె ఇంటి గోడలకు వేయడానికి సున్నం కలిపి ఉంచితే, నాలుగేళ్ల మా తమ్ముడు అందులో కర్ర పెట్టి కొట్టాడట. ఆమె వాడిని చంకనేసుకుని తడిబట్టలతో మా గుమ్మంలోకి వచ్చి, "బేటీ, అమ్మ ఏదీ? జల్దీ పిలువు! ఛోటూ ఆంఖోంలో చూనా పడింది!" అని అరిచింది. అప్పటికే బిందెల కొద్దీ నీళ్లు వాడి కళ్లలో పోసేసింది. ఆ నీళ్లే వాడిని కాపాడాయని తర్వాత డాక్టరుగారు అన్నారు. ఆ తల్లి చేతులకు నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, రెండు కళ్లకూ కట్లు కట్టి ఇంటికి పంపారు. శుక్రవారం వచ్చి విప్పించుకోమన్నారు. అప్పటిదాకా చెయ్యి కళ్ల మీదికి పోకూడదు. నలిపాడంటే చూపుకు తాము జవాబు చెప్పలేమన్నారు. ఏడవనివ్వకూడదని కూడా అన్నారు. నాలుగేళ్ల పిల్లవాడిని, చీకట్లో, దురద పెట్టే కళ్లతో, ఏడవకుండా ఎలా ఉంచాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా నాన్న పడవ ఇంజను సామాను కోసం ఓడెక్కి విశాఖపట్నం వెళ్లి ఉన్నాడు. అమ్మ తెల్లవారుజామునే జెట్టీకి పోయి చేపలు కొనుక్కుని, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరి అవతల హాడో క్వార్టర్స్‌లో మనవాళ్ల ఇళ్లన్నీ తిరిగి అమ్మేది. ఆమె బుట్ట ఎత్తని రోజు మా పొయ్యి వెలగదు. అంచేత పగలంతా తమ్ముడికి కాపలా నేనే. నాకు తొమ్మిదేళ్లు.

ఇంటికొచ్చిన సాయంత్రం వాడి చేతులు ఊరికే కట్టు మీదికి పోతుంటే, అమ్మ తన పాత చీర చింపి వాడి మణికట్లు రెండూ మంచం పట్టెకు కట్టింది. వాడు గింజుకున్నాడు. ఏడ్చాడు. కట్టు తడిసింది. అమ్మ భయపడిపోయి ఆ పేలికలు విప్పేసి, గంగమ్మ పటానికి దణ్ణం పెట్టుకుంది. తర్వాత మూలనున్న వల నూలు కండె తీసి, వెదురు సూదికి ఎక్కించి, వాడి పక్కన కూర్చుంది.

మా వాళ్లలో ఆడవాళ్లకు వల అల్లడానికి కళ్లతో పనిలేదు. రెండు వేళ్లు లోపల పెట్టి గడి కొలత చూసుకుంటారు. ముడి బిగిసిందో లేదో గోరుతో తెలుసుకుంటారు. చీకట్లోనూ, కబుర్లు చెప్పుకుంటూనూ అల్లేస్తారు. అమ్మ జానెడు వెడల్పు వల అల్లి తమ్ముడి ఒళ్లో వేసింది.

"ఒరే నానా, ఇందుల ఒక ముడి తప్పేసినాను. ఎక్కడుందో ఎతుకు. రేపు నాను బుట్ట దింపీసరికి సెప్పాల."

"కళ్లు కనపడవు కదే!"

"నాకు మాత్రం కనపడతన్నాయేటి? ఏళ్లు లేవా నీకు? అందరికంటే పెద్ద జాలరివి గదరా నువ్వు!"

వాడు తడమడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ వలలో చిక్కుకున్నాయి. ఇక కళ్ల మీదికి ఎలా పోతాయి?

మర్నాటి నుంచి అదే మా ఇంటి పద్ధతి అయిపోయింది. అమ్మ సాయంత్రం అల్లేది, పొద్దున్నే వాడి ఒళ్లో వేసి వెళ్లేది. రాను రాను ఆ తప్పులు కూడా రకరకాలుగా ఉండేవి. ఒకరోజు గడిలో గవ్వ దాచింది. ఒకరోజు కోడి ఈక ముడేసింది. ఒకరోజు వల చివర పొట్టా తోకా ఉన్న చేపనే అల్లింది. దాని పొట్టలో ఇసుక మూట పెట్టింది. నిలబడే అన్నం తినే మనిషి, కూర్చోవడం అనేదే ఎరగని మనిషి, పొయ్యి ఆర్పగానే గబగబా వచ్చి కూర్చునేది. అల్లుతూ అల్లుతూ తనలో తానే నవ్వుకునేది. ఇంట్లో అంత భయం ఉండగా నవ్వెలా వస్తోందో నాకు అర్థమయ్యేది కాదు. కాస్త కోపం కూడా వచ్చేది.

గురువారం వాన పట్టుకుంది. దీదీ గరాచర్మలో చుట్టాలింటికి వెళ్లింది. అమ్మ అప్పుడే హాడో చేరి ఉంటుందో లేదో, తమ్ముడు, "దొరికిందే!" అని కేక పెట్టాడు. ఆ పూట తప్పు మరీ సులువుగా చిక్కింది. ఇంక వాడి చేతులు ఖాళీ. "దురదే అక్కా" అంటూ కట్టు మీదికి పోయాయి. పట్టుకున్నాను. తన్నాడు. నా చెయ్యి కొరికాడు. కట్టు అంచు కొంచెం జారింది. గంగమ్మా, గంగమ్మా అనుకుంటూనే నా నోటి నుంచి ఒక మాట వచ్చేసింది.

"ఇంకోటి ఉందిరా! సెప్పొద్దంది అమ్మ."

వాడు ఆగాడు. "నిజంగానా?"

"నిజంగానే. ఆ సివర్నుంచి సూసుకుంటా రా."

వాడు ఒక చివర పట్టుకున్నాడు. నేను రెండో చివర చేరాను. అక్కడ ఏమీ లేదు, నేనే పెట్టాలి. నాకు అప్పటికి వల ముడి రాదు. అమ్మ ఎన్నిసార్లు కూర్చోబెట్టినా పారిపోయేదాన్ని. నూలు కాలివేళ్ల మధ్య బిగించి ముడేశాను. జారిపోయింది. మళ్లీ వేశాను. వాడి వేళ్లు ఒక్కో గడీ దాటుకుంటూ దగ్గరికి వస్తున్నాయి. చేతికున్న గాజు తీసి గడిలోంచి దూర్చి, దాని చుట్టూ నూలు చుట్టి, ఒక చింతపిక్క ఇరికించి, పళ్లతో పట్టి లాగాను. వేళ్లకు ఏదో తెలిసొస్తోంది. నూలు ఎటు తిరిగితే ముడి ఆగుతుందో తెలిసింది. ఆ క్షణంలో, అంత గాబరాలోనూ, లోపల ఎక్కడో సంతోషం పుట్టింది. అమ్మ ఎందుకు నవ్వుకునేదో అప్పుడు తెలిసింది నాకు.

వాడి వేలు దానికి తగిలింది. "ఒలమ్మో! ఇదేటే! అమ్మకి పిచ్చెక్కిందేటి?" అని పగలబడి నవ్వాడు. మధ్యాహ్నమంతా ఆ ముద్దను విప్పుతూ కూర్చున్నాడు. విప్పనిచ్చి, అవతలి చివర నేను ఇంకోటి వేశాను.

సాయంత్రం అమ్మ రాగానే వాడు ఆ రెండో ముద్దను చూపించి వెక్కిరించాడు. అమ్మ ఒకసారి వేళ్లతో తడిమింది. ఎవరి చేతిపనో ఆమెకు తెలియకుండా ఉంటుందా? నా బోసి మణికట్టు చూసింది, దాని మీది పంటిగాటు చూసింది. "అవున్రా, తొందర్ల అలా ఏసీసినాను" అని వాడితో అంది. తర్వాత వెదురు సూది తెచ్చి, నా చేతిలో పెట్టింది.

శుక్రవారం కట్లు విప్పారు. ఒక కంటి చూపు పూర్తిగా నిలిచింది. రెండోది మసకబారే మిగిలింది. దేవుడు మా మీద చూపిన దయ అదేనని అమ్మ డాక్టరుగారి కాళ్లకు మొక్కబోయింది. తమ్ముడు మాత్రం అమ్మ ఒళ్లోని వలను అనుమానంగా చూశాడు. "ఇది నాది కాదు" అన్నాడు. మళ్లీ కళ్లు మూసుకుని, చెయ్యి చాచి తడిమి చూసి, "నాదే" అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ వారం మొత్తంలో ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను బడికి పోయినదాన్ని కాదు. ఇంట్లో మా నాన్న దిద్దించిన అక్షరాలతోనే ఇదంతా రాస్తున్నాను. నా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు నేనూ నాలుగిళ్లలో వంట చేసి వచ్చి, ఒళ్లు విరుచుకుపోతున్నా, పడుకోబెట్టే ముందు ఏదో ఒకటి చేతితో చేసిచ్చేదాన్ని. కొబ్బరాకు బుట్టో, గుడ్డముక్కల పిట్టో. అది వాళ్లకోసమే అనుకునేదాన్ని. నా అలుపు కూడా దానితోనే తీరేదని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు మా అమ్మాయి ఉద్యోగం నుంచి వచ్చి, "టైమ్ ఎక్కడుందమ్మా" అని సోఫాలో కూలబడుతుంది. దాని చేతిలో కాస్త నూలు పెట్టి, మనవరాలిని పక్కన కూర్చోబెడతాను. కాసేపటికి ఇద్దరి నవ్వూ వినిపిస్తుంది.

చదివేవారిని ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మా అమ్మను ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. డిగ్నాబాద్‌లో చేపలు అమ్మిన తల్లి అనుకుంటే చాలు, పైవాడికి తెలుస్తుంది.