కాడ లేని గులాబీలు

మొక్కల దగ్గర నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి తెలుసు కాబట్టి ఇప్పటికీ మా పెరట్లో నన్ను అడగకుండా ఎవరూ కరివేపాకు రెమ్మ కూడా తుంచరు. ఈ కోపం పుట్టుకతో వచ్చింది కాదు. సౌదీలోని తబూక్‌లో పన్నెండేళ్ళు ఉండి సంపాదించుకున్నాను. నాతో పాటు వెళ్ళినవాళ్ళు బంగారం తెచ్చుకున్నారు, నేను ఇది తెచ్చుకున్నాను.

జగిత్యాల వైపు నుంచి నేను వెళ్ళింది కాంక్రీటు కలపడానికి. ఇంగ్లీషువాళ్ళు ఉండే కాంపౌండులో నీళ్ళ పైపు కోసం కాలువ తవ్వుతుంటే ఒక గులాబీ మొక్క అడ్డం వచ్చింది. పెరికి పారేయమన్నారు. నేను వేళ్ళ చుట్టూ మట్టి రాలకుండా తీసి, పక్కన పాతి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోశాను. ఆ ఇంటావిడ కిటికీలోంచి చూస్తోందని నాకు తెలియదు. నెల తిరక్కుండా ఆమె భర్త నాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌తో మాట్లాడి నన్ను తోటపనికి మార్పించాడు. ఆమెను మేడమ్ అనేవాణ్ణి. పాకిస్తానీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న ఉర్దూ ఆమెది, మా ఊళ్ళో విని నేర్చుకున్న ఉర్దూ నాది. రెండూ కలిపితే పని జరిగిపోయేది.

ఇసుకలో ఎరువు కలిపి, ఏళ్ళ తరబడి ఒక్కో మడి పెంచుకుంటూ వచ్చిన తోట అది. నలభైకి పైగా గులాబీ మొక్కలు. తీగల మీద పాకే స్వీట్ పీస్. నీలం కంకుల పూలు, మంచు పొడి చల్లినట్టుండే చిన్న తెల్లపూలు. తబూక్‌లో చలికాలం గట్టిది, ఎండాకాలం అంతకన్నా గట్టిది. ఆ రెండింటికీ మధ్య వచ్చే కొన్ని వారాల కోసం మేమిద్దరం ఏడాది పొడుగునా మట్టిలో ఉండేవాళ్ళం.

కువైట్ కోసం యుద్ధం వస్తుందని ఖాయమయ్యాక ఇంగ్లీషువాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు వెళ్ళిపోయారు. మేడమ్ కారెక్కింది, మళ్ళీ దిగి తోటలోకి వచ్చింది.

"ఇవి బతకాలి. నా కూతురి పెళ్ళి ఈ పూలతో చెయ్యాలని నాకు ఆశ" అంది.

నేను అలవాటుగా "ఇన్షా అల్లా" అన్నాను. ఆ దేశంలో పని ఎగ్గొట్టాలనుకున్న ప్రతివాడూ అనే మాట అదే. ఆమెకు ఒళ్ళు మండింది.

"అది వద్దు. మాట ఇవ్వు."

ఇచ్చాను.

ఆ చలికాలమంతా నెత్తిమీద విమానాలు. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు వచ్చేది, రానిరోజు లేదు. మా మెస్సులో బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు వడకట్టి మోసేవాణ్ణి. మంచు కురిసే పొద్దుల్లో మొక్కలకు సిమెంటు సంచులు తొడిగేవాణ్ణి. నాతో గదిలో నలుగురు ఉండేవారు, అందరూ మా వైపు వాళ్ళే. వాళ్ళలో పెద్దవాడు తాపీమేస్త్రీ, మేమంతా కాక అని పిలిచేవాళ్ళం.

"పానం మీదికొస్తె గులాబీలు సంకన బెట్టుకొని ఉరుకుతవారా?" అని ఆయన నవ్వేవాడు.

యుద్ధం ముగిసి, ఎండలు ముదరకముందే మేడమ్ తిరిగొచ్చింది. పెట్టె లోపల పెట్టకుండా ముందు మొక్కలు చూసుకుంది. ఒకటే చచ్చిపోయింది. దాని చోట పుల్ల గుచ్చి ఉంచాను, అబద్ధం ఆడినట్టు ఉండకూడదని. ఆమె ఆ పుల్లను చూసి నా భుజం తట్టింది. నా జన్మలో నాకు దొరికిన మెప్పు అంటే అదే.

ఆ తర్వాత రెండో ఏడు కూతురి పెళ్ళి కుదిరింది. సంతకాలు వాళ్ళ దేశంలో అయిపోయాయి, ఇక్కడ తోటలో ఉంగరాలు మార్చుకోవడం, విందు. ఆ అమ్మాయి నడక నేర్చిందే ఆ తోటలో. ఇంకో సంగతి కూడా ఉంది. సార్ కాంట్రాక్టు ముగుస్తోంది. పెళ్ళయిన నెలకు వాళ్ళకు ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోవడం. అంటే ఆ తోట పూయడం మేడమ్ చూసేది అదే ఆఖరుసారి.

పెళ్ళి మార్చిలో అయితే ఆమె తోట లెక్కల పుస్తకం సెప్టెంబరులోనే తెరిచింది. పెళ్ళిరోజు నుంచి వెనక్కి వారాలు లెక్కపెట్టి, ఏ విత్తనం ఏ వారం నాటాలో, ఏ గులాబీని ఏ రోజు కత్తిరిస్తే ఆ శుక్రవారానికి విచ్చుకుంటుందో రాసుకుంది. మన దగ్గర పంతులు ముహూర్తం పెడితే మనుషులు ఉరుకుతారు, ఆమె ముహూర్తం పెట్టి పూలను ఉరికించింది. మూడంతస్తుల కేకు నాలుగు నెలల ముందే చేసి గుడ్డలో చుట్టి దాచింది. రెండు రోజుల కూర పారబోసే వంశంలో పుట్టిన నాకు ఆ కేకు తినేవాళ్ళ మీద జాలి కలిగింది. చేతిలోకి పూలగుత్తి, గులాబీలు అల్లిన కమాను, బల్ల బల్లకూ పొడుగు గాజు గ్లాసుల్లో పూలు, మగవాళ్ళ కోటు గుండీకి ఒక్కొక్క పువ్వు. అన్నిటికీ బొమ్మలు గీసుకుంది.

శుక్రవారం రానే వచ్చింది. ఎండ ఎక్కకముందే పూలన్నీ కోసి బకెట్ల నీళ్ళలో పెట్టాలి. నా ఒక్కడివల్ల కాదని మా గదివాళ్ళను నలుగురినీ సెలవుపూట బతిమాలి తెచ్చాను. నేను కమాను నిలబెట్టడానికి ముందువైపుకు వెళుతూ ఒక్క మాట చెప్పాను.

"విచ్చిన పూలన్నీ తెంపుర్రి. పెండ్లికి. జర పైలం."

గంట తర్వాత తిరిగొచ్చి చూస్తే బకెట్లలో ఉత్త నీళ్ళే ఉన్నాయి. అరుగు మీద దుప్పటి పరిచి ఉంది. దాని మీద పూలు రాశి పోసి ఉన్నాయి. గులాబీలన్నీ మెడ దగ్గరికి తెంపినవి. ఒక్కదానికీ వేలెడు కాడ లేదు. నీలం కంకుల్ని కూడా దూసి పువ్వుకు పువ్వు వేరుచేశారు. మొక్కలు మాత్రం కొమ్మ విరగకుండా, ఆకు రాలకుండా బోడితలలతో నిలబడి ఉన్నాయి. ఎంత శ్రద్ధగా చేశారో చూస్తేనే తెలుస్తుంది.

ఒంటికాలి మీద లేచాను. ఆ రోజు కాకను అన్న మాటలు ఇక్కడ రాయను. వయసులో నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద.

ఆయన నెమ్మదిగానే జవాబిచ్చాడు. "పెండ్లికి పూలంటె గిట్లనే తెంపుతరు గదరా. కాడలతోని ఏం జేస్తరు? కొమ్మ ఇరిస్తె మళ్ల పూస్తదా? చెట్టుకు నొప్పి గావద్దని గోటితోని గిల్లినం."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మా ఊళ్ళో పెళ్ళికైనా, పూజకైనా, పండక్కైనా పువ్వంటే తలే. దారానికి ఎక్కాలన్నా, పళ్ళెంలోకి రావాలన్నా కాడతో పనిలేదు. మేడమ్ దగ్గర ఇన్నేళ్ళు పని నేర్చుకుని నేనే ఆ సంగతి మరిచిపోయాను. తప్పు నాది. అది ఒప్పుకోవడానికి నాకు ఇంకో పావుగంట పట్టింది.

మేడమ్‌ను పిలుచుకొచ్చాను. ఆమె ఆ రాశి చూసింది, పూలు లేని బకెట్లు చూసింది. మెట్టు మీద కూర్చుని, చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టింది. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఇచ్చిన మాట రెండేళ్ళు నిలబెట్టి ఆఖరి పొద్దున పాడుచేశానని నాకు ఏడుపొచ్చింది.

"ఒక్కటి కూడా మిగల్లేదా?" అని అడిగింది.

నేను ఆ ప్రశ్న కాకకు చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఎందుకు మిగల్లే? మొగ్గలున్నయ్ గద. మొగ్గలెవడు తెంపుతడురా, పాపం తాకదా?"

అందరం లేచి మొక్కల దగ్గరికి వెళ్ళాం. నిజమే. ఆకుల మాటున మొగ్గలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొన్ని గట్టిగా ముడుచుకుని, కొన్ని రంగు కనబడేంత విచ్చుకుని. కాడలు చక్కగా మూరెడు పొడుగు. మేడమ్ కత్తెర తీసి మొదటిది తనే కోసింది. పెళ్ళికూతురి చేతికి, కోటు గుండీలకు సరిపోతాయి. కమానుకూ, బల్లలకూ చాలవు.

కాక అరుగు మీది రాశి వైపు చూస్తూ నిలబడ్డాడు. "గీ పూలను ఏం జేద్దాం? పారబోస్తమా? ఓ పెద్ద తాంబాళం తెమ్మను. బతుకమ్మ పేర్చినట్టు పేరుస్త."

మేడమ్‌కు చెప్పడానికి నా ఉర్దూ చాలలేదు. మా ఆడవాళ్ళ పండుగ, పూలతో గోపురంలా పేరుస్తారు, మీ కేకులాగా అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది అన్నాను. కేకు అనేసరికి ఆమెకు అర్థమైంది. మెస్సుకు పరుగెత్తి, పదిమంది చుట్టూ కూర్చుని అన్నం తినే పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చాను.

కాక ఆ పళ్ళెం ముందు గొంతుక్కూర్చున్నాడు. అడుగున ఆకులు పరిచి, అంచు వెంట గులాబీలు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పెట్టి, మధ్యలో తరిగిన ఆకు నింపి తొక్కాడు. దాని మీద నీలం వరస. దాని మీద తెల్లది. మళ్ళీ గులాబీ. గోడ కట్టేటప్పుడు ఇటుక మీద ఇటుక ఎలా సరిచూస్తాడో అలాగే ఒక కన్ను మూసి సరిచూశాడు. ఇంటి దగ్గర భార్యకు, తర్వాత కోడలికి ఏటా పేర్చి ఇచ్చేవాడట. గల్ఫ్‌కు వచ్చాక ఆరేళ్ళుగా పూలు ముట్టలేదని చెప్పాడు. పెళ్ళికూతురు జుట్టు వంకీలు తిరగడానికి తలకు ఏవో చుట్టలు పెట్టుకుని వచ్చి, చూసి, నేలమీద ఆయన పక్కనే కూర్చుని పూలు అందించడం మొదలుపెట్టింది. పైన పసుపు గౌరమ్మను పెట్టలేదు. ఆ దేశం అలాంటిది, పైగా అది ఆడవాళ్ళ చేతి పని. ఒక్క తెల్ల గులాబీ పెట్టి చాలన్నాడు.

సాయంత్రం కేకు ఒక బల్ల మీద, పూల గోపురం ఒక బల్ల మీద ఎదురెదురుగా నిలబడ్డాయి. కమానుకు ఉత్త ఆకుతీగే చుట్టాం. ఆ అమ్మాయి చేతిలో మొగ్గల గుత్తి పట్టుకుని తండ్రి పక్కన నడిచి వచ్చింది. ఎండ వేడికి ఆ మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటూ పోయాయి. ఉంగరాలు మార్చుకునేటప్పటికి సగం పూలయ్యాయి. మేడమ్ వాటినే చూస్తూ ఏడ్చింది. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. నాకూ ఆగలేదు.

విందు అయ్యాక, ఈ గోపురాన్ని ఏం చేస్తారని మేడమ్ అడిగింది. నీళ్ళలో వదులుతామని చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఈత కొలను వైపు చెయ్యి చూపించింది. పనివాళ్ళు కడగడానికి తప్ప దిగకూడని కొలను అది. కాకా, నేనూ ప్యాంట్లు పైకి మడిచి మెట్ల మీద దిగి పళ్ళెం వదిలాం. పాట ఆడవాళ్ళది, మాకు సరిగా రాదు. ఊరికే నిలబడి చూశాం. కోట్లు తొడుక్కున్న ఇంగ్లీషువాళ్ళు కూడా గట్టు మీదికి వచ్చి చూశారు.

మరుసటి వారం బోడి కాడలను కత్తిరించబోతుంటే మేడమ్ ఆపింది. పువ్వు రాలిన కాడే వేరుపట్టడానికి బాగా ముదిరిన కాడ అని చెప్పింది. ఆ రోజు అనుకున్నట్టే కోసి ఉంటే ఇవన్నీ గాజు గ్లాసుల్లో కుళ్ళిపోయేవని నవ్వింది. మంచివి ఏరి జానెడు ముక్కలు చేసి, కొన్ని తడి కాగితంలో చుట్టి తను తీసుకుంది, కొన్ని నాకు కుండీలో నాటించింది. నెల తిరగ్గానే వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళకు కారు షెడ్డు కావాల్సి వచ్చింది. తోటను తవ్వేసే పని నాకే చెప్పారు. నాకు చేతకాదని చెప్పి తప్పుకున్నాను.

నా ముక్కల్లో రెండు వేరుపట్టాయి. సెలవులో ఇంటికి తెచ్చాను. ఒకటి పోయింది, ఒకటి బోరింగు దగ్గర నిలిచింది.

చాలా ఏళ్ళకు మేడమ్ ఉత్తరం రాసింది. సార్ పోయాడట, తను చిన్న ఫ్లాటుకు మారిందట, అక్కడ మట్టే లేదట. ఆ తోటవి ఏవైనా మిగిలాయా అని అడిగింది. ఆ ఉత్తరం వచ్చేసరికి మా అమ్మాయి పెళ్ళయి పది రోజులైంది. పెళ్ళినాటి పొద్దున బుట్ట పట్టుకుని ఆ చెట్టు దగ్గరికి నేనే వెళ్ళాను, ఇంకెవర్నీ రానివ్వలేదు. విచ్చిన పూలను మెడ దగ్గర గోటితో గిల్లాను. మొగ్గల్ని ముట్టుకోలేదు. ఆ కాడల్లో మంచివి ఏరి జానెడు ముక్కలు కోసి, తడి కాగితంలో చుట్టి, అత్తవారింటికి వెళ్ళేటప్పుడు అమ్మాయి చేతిలో పెట్టాను.

జవాబు పొడుగ్గా రాద్దామని కూర్చున్నాను. తెలిసిన ఇంగ్లీషులో రెండే వాక్యాలు వచ్చాయి. బతికే ఉంది, మేడమ్. ఇప్పుడు రెండు ఇళ్ళలో ఉంది.