పైన్ చెట్టుకు రాగి తీగ

మా షాపు మొయినాబాద్‌లో, చేవెళ్ళకు పోయే రోడ్డు మీద. పైపులు, నల్లాలు, తాళాలు, రంగు డబ్బాలు, అన్ని రకాల తీగలు అమ్ముతాం. మా ఆయన సరుకు కోసం సిటీకి పోయిన రోజు గల్లా మీద నేనే కూర్చునేదాన్ని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరు మీదున్న కాలమది. కనకమామిడి వైపు చేన్లు ఫామ్‌హౌసులవుతున్నాయి, మోకిల పక్కన కొత్త వెంచర్ల బోర్డులు లేస్తున్నాయి. ఎవరు గోడ కట్టినా, బోరు వేసినా మా మెట్లు ఎక్కాల్సిందే.

వారమంతా షాపు. శనివారం సాయంత్రం మాత్రం మందిరం. అక్కడ ఆడవాళ్ళ పారాయణ గోష్ఠి ఉండేది. చిన్నప్పుడు మా నాయనమ్మ పక్కన కూర్చుని స్తోత్రాలు నేర్చుకున్నదాన్ని నేను. పదం ఎక్కడ విరవాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆమె నేర్పింది. అందుకే గోష్ఠిలో వ్యాసపీఠం నా ముందు పెట్టేవాళ్ళు. నేను ఒక పాదం చదివితే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఆ చోటు నాకు స్వామి ఇచ్చాడని నమ్మాను. ఇప్పటికీ ఆ నమ్మకంలో మార్పు లేదు.

గోష్ఠికి పెద్ద ఒక అవ్వ. సన్నటి మనిషి, నడుము దగ్గర కొంచెం వంగి ఉండేది. ఏకాదశి నాడు మంచినీళ్ళు కూడా ముట్టదు. శ్లోకం తప్పు చదివితే ఊరుకునేది కాదు, చెప్పులు గుమ్మానికి ఎదురుగా విడిస్తే అసలే ఊరుకునేది కాదు. ఆమె మాట దాటినవాళ్ళు గోష్ఠిలో లేరు.

ఆ అవ్వే మమ్మల్నందరినీ ఒకసారి బదరీ యాత్రకు తీసుకుపోయింది. దర్శనం చేసుకుని కొండలు దిగి వస్తుంటే దారి పక్కన ఒక నర్సరీలో జానెడు పైన్ మొక్క కనిపించింది. కొన్నాను. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకునే వచ్చాను. అవ్వ దాన్ని తాకి కళ్ళకద్దుకుని, "క్షేత్రం నుంచి వచ్చింది, ఇది స్వామి చెట్టు. జర పెద్దగైనంక మందిరం ముందట పెడ్దం" అన్నది.

అది పెద్దదయ్యేలోపు రోడ్డు వెడల్పు చేశారు, మందిరం ముందున్న జాగా పోయింది. చెట్టు మా షాపు మేడ మీద, ఖాళీ రంగు డబ్బాలో ఉండిపోయింది. దాని నెత్తిన రేకుల కప్పు అంచు ఉండేది. ఎండ కావాలంటే పక్కకు వంగి, రేకు కింది నుంచి బయటికి తల పెట్టాలి. ఏళ్ళ తరబడి చెట్టు అదే పని చేసింది. నీడలో ఉన్న కింది కొమ్మలు చాలావరకు వాటంతటవే ఎండిపోయాయి.

కనకమామిడిలో ఫామ్‌హౌసు కట్టుకుంటున్న ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు పైపులు చూడటానికి మేడెక్కి, పైపులు మరిచిపోయి దాని ముందు నిలబడ్డాడు. సెలవు రోజుల్లో బోన్సాయ్ పెంచడం అతని పిచ్చి.

"అక్కా, దీన్ని ఎవరు గిట్ల వంచిండ్రు?"

"ఎవరు వంచలే తమ్ముడు. రేకు అడ్డమున్నది. ఎండ కోసం అదే పోయింది."

మరుసటి వారం ఆఫీసులో రంగుల ప్రింట్లు తీసుకుని వచ్చాడు. ప్రతి కాగితం మీద ఒకటే చెట్టు. సన్నగా, పొడుగ్గా, ఎక్కడో పైన గుప్పెడు పచ్చదనం. కాగితంలో సగానికి పైగా ఖాళీ.

"లిటరాటి అంటరక్కా. పాత కాలంల చైనాల చదువుకున్నోళ్ళు గిసుంటి చెట్లనే బొమ్మలు గీసుకునేటోళ్ళట. మీ చెట్టు సగం పని అదే చేసుకున్నది."

ఆ బొమ్మలు చూడగానే నాకు నచ్చాయి. ఎందుకు నచ్చాయో కూడా తెలుసు. మా నాయనమ్మ పూజగదిలో ఒక దీపం, ఒక సాలగ్రామం తప్ప ఇంకేమీ ఉండేవి కావు. చూపు పక్కకు పోవడానికి అక్కడ దారి లేదు. ఈ చెట్టు కూడా అంతే. కాండం వెంట చూపు పైకి పోవాల్సిందే.

ఆ చలికాలం రంగు డబ్బాలో నుంచి తీసి లోతు లేని గుండ్రటి మట్టి కుండీలోకి మార్చాం. జల్లెడ పట్టిన మొరం, నలగ్గొట్టిన ఇటుక ముక్కలు వేశాం. నీళ్ళు పోస్తే నిలవకూడదు, పైన్ వేరు తడిలో కుళ్ళిపోతుంది. ఏడాది దాకా ఇంక ముట్టుకోవద్దన్నాడు తమ్ముడు. ముట్టుకోలేదు. నీళ్ళు మాత్రం మట్టి ఆరిన తరువాతే, చూసి చూసి పోశాను. వేలాడే పొడుగు సూదులు కాస్త పొట్టిగా, బిగువుగా రావడం మొదలైంది.

మరుసటి పుష్యమాసంలో ఒక ఉదయం తలస్నానం చేసి, దీపం పెట్టి, చెట్టు ముందు కూర్చున్నాను. తులసి కోసే ముందు అనుమతి అడిగినట్టే దాన్నీ అడిగాను. తమ్ముడు కత్తెర పట్టుకున్నాడు.

"చాన కట్ చేస్తం అక్కా. భయపడొద్దు."

"నాకేం భయం లేదు. నువ్వు చెయ్యి వణకకుండ చూస్కో."

మిగిలిన కింది కొమ్మలు తీసేశాం. ఒక మోడును మాత్రం బెరడు ఒలిచి తెల్లగా ఉంచాం. తల, తలకు కొంచెం కింద నుంచి జారే ఒకే ఒక్క కొమ్మ మిగిలాయి. ఇక తీగ పని నాది. తీగల సంగతి నాకొకరు చెప్పనక్కర్లేదు. రాగి తీగను నిప్పుల మీద ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది, చుట్టిన తరువాత గట్టిపడుతుంది. తడిపిన గోనె పట్టీ కొమ్మకు చుట్టి, తీగను ముందు కాండానికి రెండు చుట్లు వేసి, ఆ పట్టీ మీద ఏటవాలుగా తిప్పుకుంటూ పోయాను. రెండు బొటనవేళ్ళతో నెమ్మదిగా నొక్కితే కొమ్మ కిందికి వచ్చి, చివర మళ్ళీ కొంచెం పైకి చూసింది.

మా ఆయన మెట్ల మీది నుంచి తొంగి చూశాడు. "చెట్టుకు కరెంటు కనెక్షన్ ఇస్తున్నవా ఏంది?"

"ఇస్తున్న. మీటరు నువ్వు పెట్టు" అన్నాను.

ఎండ కోసం దాన్ని షాపు మెట్టు పక్కకు దించిన రోజే అవ్వ నల్లా వాషరు కోసం వచ్చింది. చెట్టును చూసి ఆగిపోయింది.

"ఇదేంది?"

"మన బదరీ చెట్టే అవ్వా."

"బదరీ చెట్టా? జైల్ల ఏసినట్టున్నది. కొమ్మలేవి?"

"తీసినమవ్వా. దీన్ని చదువుకున్నోళ్ళ చెట్టు అంటరట."

"చదువుకున్నోళ్ళ చెట్టంటే గింత బక్కగుంటదా? అవులే, ఆ సాఫ్ట్‌వేర్ పిలగాడు గూడ గట్లనే ఉన్నడు." తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. నవ్వాలో వద్దో తెలియక చెట్టు వైపు చూశాడు. అవ్వ మాత్రం నవ్వలేదు. "స్వామి చెట్టు కొమ్మలు నరికి, తీగలు కట్టి, గుక్కెడు నీళ్ళు పోస్తవా? ఇంక నీడకు పనికొస్తదా, పూజకు పనికొస్తదా?"

"చూసెతందుకు పనికొస్తదవ్వా. దర్శనానికి."

"మాటలు మంచిగ నేర్చినవ్. విను బిడ్డా. ఆ చెట్టు మీద తీగ ఉన్నన్ని దినాలు నువ్వు గోష్ఠిల ముందట కూసోవద్దు. చెట్టును కట్టేసిన చేత్తోని వ్యాసపీఠం ముట్టొద్దు. తీగ తీసినంక చెట్టును మందిరానికి తీసుకరా. నలుగురి ముందట నేను చూస్త. అప్పుడు చెప్త, నువ్వు చదువుడు ఉన్నదో లేదో."

అదే రోజు తీగ తీసేసి ఉంటే శనివారానికి నా చోటు నాకు వచ్చేది. మా ఆయన కూడా అదే అన్నాడు. "తీసెయ్ రాదు. చెట్టు పోతే చెట్టు పోతది, అవ్వతోని పంచాయితీ ఎందుకు?" కానీ తీస్తే ఆ కొమ్మ వారం తిరక్కుండా పైకి లేస్తుంది, వంపు పోతుంది. సగంలో ఆపిన పని స్వామికి చూపించేది కాదు. అవ్వకు ఎదురు చెప్పలేదు, తీగనూ ముట్టుకోలేదు. శనివారం పోయి గోష్ఠిలో వెనక, గోడ పక్కన కూర్చున్నాను.

ఆ నెలలన్నీ ఇంకొకామె చదివింది. గొంతు మంచిది. కానీ పొడుగు సమాసం వస్తే మధ్యలో ఊపిరి తీసుకునేది. వెనక నుంచి నేను లోగొంతుతో ఆ రెండు ముక్కల్నీ కలిపేదాన్ని. పక్కనున్నావిడ ఒకసారి మోచేత్తో పొడిచి, "ముందట లేకున్న నువ్వే చదువుతున్నవ్ కదనే" అన్నది. మనసుకు కష్టం లేదనను. అయినా నా పని తప్పని ఒక్క శనివారం కూడా అనిపించలేదు. వ్రతం పట్టినవాళ్ళు నోరు కట్టేసుకుంటారు. దాన్ని ఎవరూ హింస అనరు. చెట్టు కోసం పట్టిన వ్రతానికి కాలం తీరాలి, అంతే.

కార్తీకంలో తీరింది. బెరడు ఉబ్బి తీగను ఒరుసుకోవడం మొదలుపెట్టింది. కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్క చుట్టునూ కత్తిరించి తీశాను. విప్పబోతే కొమ్మ విరుగుతుంది. చివరి ముక్క రాలిన తరువాత చేతులు తీసేసి చూశాను. కొమ్మ ఎక్కడికీ లేవలేదు.

ఏకాదశి ఉత్సవం నాడు చెట్టును మందిరానికి తీసుకుపోయాం. తమ్ముడు ఆఫీసుకు పోయే ముందు వచ్చి మండపంలో ఒక మూల కడిగించాడు. వెనక సున్నం గోడ తప్ప ఏమీ లేకుండా, తక్కువ ఎత్తు పీట మీద చెట్టును నడుమ కాకుండా ఒక పక్కకు పెట్టాడు. తల ఎటు వంగిందో అటు జాగా అంతా వదిలేశాడు. ఆ ఖాళీ చివర నేల మీద చిన్న ఇత్తడి ప్రమిద ఒక్కటే.

"ఇక్కడ ఇంకేం పెట్టొద్దక్కా. ఈ ఖాళీ గూడ చెట్టే."

సరేనని, వంట దగ్గర ప్రసాదం చూడటానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చెట్టు లేదు. అంటే ఉంది, కానీ బంతిపూల కింద ఉంది. కుండీ చుట్టూ పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్పలు. ఖాళీ జాగా నిండా ముగ్గు, ముగ్గు నిండా దీపాలు. సన్నటి కాండానికి ఎర్ర బ్లౌజు పీసు చుట్టి ముడి వేశారు.

"బోడిగ నిలబడ్డది కదా వదినా, బట్ట కట్టిన" అన్నది ఒకామె, మెచ్చుకుంటానని చూస్తూ. "మూల అంత ఖాళీగుంటె ఏం బాగుంటది, నేను ముగ్గేసిన" అన్నది ఇంకొకామె. మూడో ఆమె ప్రదక్షిణ చేసి పోయడానికి చెంబు నిండా నీళ్ళతో నిలబడింది. మా దగ్గర భక్తి అంటే అంతే, ఖాళీ చేత్తో రారు, ఖాళీ జాగా వదలరు. ఆ చెంబు మాత్రం మర్యాదగా చేతిలో నుంచి తీసుకున్నాను.

అప్పుడే అవ్వ వచ్చింది. అందరూ పక్కకు జరిగారు. ఆ పూల కుప్పను ఆమె చాలాసేపు చూసింది.

"ఏది చెట్టు?"

ఆమె చూసి చెప్పాల్సింది ఇప్పుడే. చూడటానికి అక్కడేమీ లేదు. ఒకసారి సమర్పించిన పువ్వును సాయంత్రం హారతి కాకుండా తీయకూడదు. అది మా గోష్ఠి కట్టుబాటు, అవ్వ పెట్టిందే. నా చేత్తో ఒక్క దండ తీసినా నేనే తప్పు చేసినదాన్నవుతాను. అయితే పూలు, నగలు, వస్త్రాలు హారతికి ముందే తీసే సందర్భం ఒకటుంది. స్వామికి స్నానం చేయించేటప్పుడు.

"అవ్వా, దీనికి తిరుమంజనం చేద్దం" అన్నాను.

అవ్వ నా ముఖంలోకి చూసింది. ఎందుకన్నానో ఆమెకు అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది. తిరుమంజనం వద్దని ఏకాదశి నాడు ఎవరంటారు?

"చెయ్" అన్నది.

దండలు తీశాను. దీపాలు, కొబ్బరి చిప్పలు వాళ్ళే జరిపారు. ముగ్గును తడిబట్టతో తుడిచాను. బ్లౌజు పీసు ముడి మాత్రం గట్టిగా పడింది. అవ్వే వంగి, గోళ్ళతో లాగి విప్పింది. వేళ్ళ కింద కాండం తగలగానే ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఆగింది. తీగ గుర్తుల కోసం వెతుకుతున్నదని తెలుసు. బెరడు మీద వెంట్రుకంత గీతలున్నాయి, అంతే.

మట్టిలోకి నీళ్ళు దిగకుండా కుండీ మీద అరటాకు కప్పాను. చెంబులో నీళ్ళు చేత్తో తీసుకుని పై నుంచి చిలకరించాను. గోష్ఠి అంతా అలవాటు ప్రకారం స్నాన మంత్రాలు అందుకున్నది. మంత్రం ఆగేసరికి తడిసిన కాండం నల్లగా మెరుస్తోంది. ఒలిచిన మోడు తెల్లగా ఉంది. జారిన కొమ్మ చివర సూదుల నుంచి నీళ్ళు ఒక్కొక్క బొట్టుగా ఖాళీ నేల మీద పడుతున్నాయి. వెనక గోడ మీద సన్నటి నీడ. చెంబు తెచ్చినామె చేతులు జోడించింది.

ఇంకొకామె నోరు కట్టుకోలేక, "అవ్వా, జర నీ లెక్కనే ఉన్నది కదా" అన్నది. నలుగురు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అవ్వ తన నడుం మీద చెయ్యి వేసుకుని, చెట్టును కింది నుంచి పై దాకా మళ్ళీ చూసింది. "మరి నాకు తీగ ఎవరు కట్టిండ్రే?" అన్నది.

జవాబు కోసం ఆగలేదు. గోడ దగ్గరికి పోయి, వ్యాసపీఠం తీసుకుని, చెట్టు ముందు వదిలిన ఖాళీలో అడ్డం రాకుండా ఒక పక్కకు పెట్టింది. నా వైపు చూసింది.

"చదువు" అన్నది. "నిమ్మళంగ చదువు. ఇన్ని నెలలు వెనక నుంచి కలిపింది చాలు."