పై ఫ్లాట్‌లో రుబ్బురోలు

దెయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. మా పుట్టింటి వెనకాలే శ్మశానం. అడ్డదారి కదా అని చిన్నప్పుడు అందులోంచే బడికి వెళ్ళేదాన్ని. ఒక్కనాడూ ఏదీ నా జడ పట్టుకుని లాగలేదు. అందుకే ఇప్పుడు ఇది చెబుతుంటే నా మీద నాకే చిరాగ్గా ఉంది.

కాకినాడలో ఓ అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా ఆయన ఎరువుల ఫ్యాక్టరీలో ఆపరేటర్. ఎక్కువగా నైట్ షిఫ్టే. పొద్దున్నే ఇంటికొచ్చి ఎంత దొర్లినా మధ్యాహ్నం దాకా కన్ను మూతపడదు. నిద్ర చాలకుండా యంత్రాల దగ్గర నిలబడితే ఏమవుతుందోనని నాకు ఒకటే భయం. అందుకే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మిక్సీలు, డ్రిల్లింగులు, పిల్లల బంతాటలు ఉండకూడదని అసోసియేషన్ మీటింగులో పోట్లాడి మరీ రూలు పెట్టించాను. మా ఇంట్లో ఆ వేళకి కుక్కర్ కూడా కూత వెయ్యదు.

నేను ఆయనకు రెండో భార్యను. మొదటావిడ పేరు సత్యవతి. జబ్బు చేసి పోయారు. హాల్లో ఉన్న ఆవిడ ఫోటోకి రోజూ పువ్వు పెట్టేది నేనే. అంతకుమించి ఆవిడ గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రూలు పెట్టిన కొద్ది రోజులకే పై ఫ్లాట్‌లో చప్పుడు మొదలైంది. సరిగ్గా ఆయన పడుకునే వేళకే. రుబ్బురోట్లో పప్పు రుబ్బుతున్న చప్పుడు. కాసేపు గరగర, తర్వాత గాజులు పైకి తోసుకున్న సవ్వడి, చేతి పిండి విదిలిస్తూ రోటి అంచు మీద రెండు తట్లు, మళ్ళీ గరగర. గాజుల సవ్వడి శ్లాబు దాటి ఎలా వినిపించిందో అప్పుడు ఆలోచించలేదు. ఈ రోజుల్లో రుబ్బురోలు పెట్టుకున్న మహాతల్లి ఎవరా అని ఒళ్ళు మండింది. సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే, ఆ ఫ్లాట్ కొన్నవాళ్ళు ఇంకా దిగనే లేదని, తాళం తన దగ్గరే ఉందని అన్నారు.

స్పూను కిందపడితే లేచి కూర్చునే మనిషి ఆ చప్పుడుకి మాత్రం కదల్లేదు. గురకపెట్టి పడుకున్నారు. ఈమధ్య హాయిగా నిద్ర పడుతోందని ఆయనే అంటే, అంతా నా రూలు పుణ్యమేనని పొంగిపోయాను.

ఒకరోజు ద్రాక్షారామం నుంచి వదిన వచ్చారు, అంటే మా ఆయన అక్క. భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పైన మొదలైంది. వదిన చేతులు ఆగిపోయాయి. ఆ రెండు తట్లూ వినపడ్డాక మెల్లగా అన్నారు.

“అది సత్యవతి చెయ్యమ్మా. సామర్లకోట ఇంట్లో తమ్ముడు డ్యూటీ నుంచొచ్చి పడుకుంటే, పక్కగదిలో ఇలాగే రుబ్బుతా కూర్చునేది. ఆ చప్పుడుంటేగానీ వాడికి నిద్రొచ్చేది కాదు.”

నాకు భయం వెయ్యలేదు. కడుపు మండిపోయింది. ఫోను సైలెంట్‌లో పెట్టుకుని, ఇంట్లో పిల్లిలా తిరిగేది నేను. చప్పుడు చేసి ఆయన్ని నిద్రపుచ్చేది ఆవిడా? నా చేత రోజూ పువ్వు పెట్టించుకుంటూనే?

మర్నాడు చప్పుడు మొదలవగానే సెక్రటరీ గారిని వెంటబెట్టుకుని పైకెళ్ళాను. తలుపు బయట నిలబడి ఆయన కూడా విన్నారు. లోపల ఎవరో ఉన్నారండీ అన్నారు. తాళం తిప్పగానే ఆగిపోయింది. లోపల ఖాళీ. నేలంతా సిమెంటు దుమ్ము, దాని మీద ఒక్క అడుగు ముద్ర లేదు. సెక్రటరీ గారు గబగబా మెట్లు దిగిపోయారు.

నేను దిగలేదు. ఆ ఖాళీ గదిలో నిలబడి గట్టిగానే చెప్పాను.

“రెండు నుంచి నాలుగు వరకు ఇక్కడ చప్పుడు చెయ్యకూడదండి. ఆయన నిద్ర సంగతి నేను చూసుకుంటాను.”

ఆ రోజు నుంచి చప్పుడు లేదు. ఆయనకు నిద్రా లేదు.

నాలుగు రోజులు దొర్లి దొర్లి, మంచం మీద లేచి కూర్చుని అడిగారు, “పైవాళ్ళు ఖాళీ చేసేశారా?” అని. అంటే ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నారన్నమాట. అవునన్నాను. ఆ వారమే డ్యూటీలో కునుకు పట్టి, యంత్రం మధ్యకు పోబోయిన చేతిని పక్కనున్నతను వెనక్కి లాగాడట.

చిన్న రుబ్బురోలు కొనుక్కొచ్చాను. నేను పెట్టిన రూలు నేనే తప్పి, పక్కగదిలో కూర్చుని రుబ్బాను. గాజులు తోసుకున్నాను. అంచు మీద రెండుసార్లు తట్టాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, నీకెందుకు శ్రమ, మిక్సీ వేసుకోరాదా అన్నారు.

నిన్న మళ్ళీ తాళం అడిగి తీసుకుని పైకెళ్ళాను. పోనీ రండి, రుబ్బుకోండి, నేనేమీ అనను అని చెప్పాను. ఆవిడ రాలేదు.

నలుగురం విన్నది ఏమిటో, దుమ్ము చెదరకుండా ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. రోజూ రెండు కాగానే అపార్ట్‌మెంట్ అంతా నిశ్శబ్దమైపోతుంది. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తూ ఉంటారు. నేను పక్కనే ఉంటాను.