మాల వేసే ముందు అడగవలసిన మాట

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా తెలుగు ఇళ్ళలో ప్రతి కార్తీకానికీ ఎవరో ఒకరు తాగుడు మానడానికే అయ్యప్ప మాల వేసుకుంటారు. ఎన్నో ఏళ్ళుగా వస్తున్న అలవాటు అది. చాలామందికి దానివల్ల మేలే జరిగింది. కొందరికి మాత్రం అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరికి ఏ పాటి వైద్యం కావాలో తేల్చుకునే పద్ధతి ఒకటుందని మా వీధికి ఎలా తెలిసిందో ఎవరూ రాసిపెట్టలేదు. అక్కడున్నవాళ్ళలో కాగితం మీద పెట్టే అలవాటు నాకే ఉంది కనుక ఆ పని నేను చేస్తున్నాను.

2022లో నేను ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో స్టాఫ్ అండ్ వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌ని. పేరులో ఇన్‌స్పెక్టర్ ఉన్నా మాకు తనిఖీ అధికారం ఏమీ ఉండదు. పనివాడికీ ఆఫీసుకీ మధ్య తిరిగే ఉద్యోగం. క్వార్టరు గొడవలు, చనిపోయినవారి కుటుంబాల పింఛన్లు, జబ్బుపడినవాళ్ళ పరామర్శ, చెప్పకుండా పని మానేసినవాళ్ళని వెతకడం అన్నీ మావే. ఇంటర్‌తో చదువు ఆపి గుమాస్తాగా చేరినవాడిని. మిగిలిన చదువంతా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో చదివాను. షాపులో తాగుడు కేసులు తరచుగా నా దగ్గరకే వస్తుండడంతో, ఒక దశలో ఆ విషయం మీద అక్కడ ఉన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని పక్కన నిఘంటువు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. ఒక్కో అధ్యాయానికి ఒక్కో వారం పట్టింది. ఆ సంగతి చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను.

ఆ కార్తీకంలో షాపు సీనియర్ సెక్షన్ ఇంజినీర్ ముఖర్జీగారు నన్ను పిలిచి, ఓవర్‌హెడ్ క్రేన్ నడిపే అప్పన్న రావడం లేదని, వెళ్ళి చూసి రమ్మని చెప్పారు. ఓవర్‌హెడ్ క్రేన్ అంటే షాపు కప్పు కింద పట్టాల మీద కదిలేది. దాని కేబిన్‌లో కూర్చున్నవాడి చెయ్యి వణికితే కింద నిలబడ్డవాళ్ళు బతకరు. అప్పన్న తాగుతాడని అందరికీ తెలుసు. ఇంకోసారి ఆ వాసన తగిలితే కేబిన్ ఎక్కనివ్వనని ముఖర్జీగారు అతన్ని హెచ్చరించి ఉన్నారు. ఆ భయంతోనే అప్పన్న మాల వేసుకున్నాడు.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. లోపల చాప మీద నల్లబట్టలతో అప్పన్న కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. గోడకేసి చూస్తూ, "సీమలు, సీమలు" అంటున్నాడు. గోడ మీద ఏమీ లేదు. తల్లి గౌరమ్మ అతని ముందు కర్పూరం వెలిగిస్తోంది.

"మాల ఏసిన కాడ్నించి సుక్క ముట్టనేదు బాబూ. అందుకే స్వామి ఆడి మీదకొచ్చినాడు. సూడండి ఆ సేతులు!" అంది ఆనందంగా.

ఆ చేతులనే నేను చూస్తున్నాను. ఎడమ చెయ్యి గాలిలో దేన్నో పట్టుకుని నెమ్మదిగా ముందుకి తోస్తోంది. కుడి చెయ్యి అంగుళం అంగుళం వెనక్కి లాగుతోంది. తాగుడు ఒక్కసారిగా ఆగినప్పుడు కొందరికి మతి చెదురుతుందని, అప్పుడు లేనివి కనిపిస్తాయని, మనిషి తన వృత్తిలోని కదలికలనే గాలిలో చేస్తాడని నేను చదివిన పుస్తకంలో ఉంది. ఆ పేజీ నా కళ్ళకు కట్టింది.

అప్పన్న భార్య లక్ష్మిని పిలిచి, ఈ కదలికలు ఎక్కడైనా చూశావా అని అడిగాను. ఆమె కాసేపు తేరిపార చూసింది.

"డ్యూటీ బాబూ ఇది. ఇంట్లో పిల్లలకి సూపిత్తుంటాడు." తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "స్వామొస్తే క్రేన్ తోల్తాడేటి అత్తా?"

గుమిగూడినవాళ్ళలో ఎవరో నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

మాల వేసిన గురుస్వామి నరసింగరావు అక్కడే ఉన్నాడు. వ్యాగన్ షాపులో పాత ఫిట్టర్. ఆస్పత్రికి తీసుకెళ్ళాలని నేననగానే అతనికి కోపం వచ్చింది. దీక్షలో ఉన్న స్వామి ఆస్పత్రి మంచం మీద పడుకోకూడదు, ఆస్పత్రి తిండి తినకూడదు.

"నా సేతుల మీద ఎంతమంది మానేసినారో తెల్సా ఇన్‌స్పెక్టరు బాబూ? మీ పుస్తకంలో ఆళ్ళ పేర్లున్నాయేటి?"

లేవన్నాను. వాళ్ళు వారానికోసారి తాగేవాళ్ళు, అప్పన్న పొద్దున్న లేస్తూనే చేతి వణుకు ఆగడానికి తాగేవాడు అన్నాను. అలాంటి ఒంటికి మందు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ వస్తాయి, మనిషి పోవచ్చు కూడా. కానీ ఆ మాట అతని చెవికెక్కలేదు. అప్పుడు అతని పని మీదుగానే వెళ్ళాను. యాక్సిల్ వేడెక్కిన వ్యాగన్ వస్తే ఏం చేస్తావని అడిగాను.

"సిక్ మార్కు ఏసి రైలునుంచి ఇప్పి పక్కనెట్టేత్తాం."

అలా గుర్తు పెట్టిన బండికి చిన్న రిపేరైతే యార్డులోని సిక్ లైన్‌లోనే చేస్తారు. అక్కడ కానిది షాపులోకి వస్తుంది, చక్రాలతో సహా విప్పుతారు. ఏ బండి ఎక్కడికి పోవాలో దాని స్థితి చెబుతుంది, మన ఇష్టం చెప్పదు. తాగుడు వైద్యంలోనూ అంతే అన్నాను. కొందరికి ఓపీలో డాక్టరుని కలిసి ఇంటికి పోతే చాలు. కొందరు పగలంతా తాగుడు మాన్పించే కేంద్రంలో గడిపి సాయంత్రం ఇంటికి రావాలి. కొందరు అక్కడే కొంతకాలం ఉండాలి. కొందరికి ముందు ఆస్పత్రి మంచమే కావాలి. ఇవి వరుసగా ఎక్కవలసిన మెట్లు కావు. మనిషి స్థితిని బట్టి ఎక్కడినుంచైనా మొదలుపెట్టవచ్చు.

నరసింగరావు అప్పన్న చేతులవైపు మళ్ళీ చూశాడు. "ఇది సిక్ లైన్లో తేలే కేసు కాదంతారు."

కాదన్నాను.

అతను గౌరమ్మ దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, మాల నువ్వే తియ్యి. తల్లి తీత్తే దోషం నేదు."

"తీత్తే నా కొడుకు మల్లీ తాగుతాడు," అందామె.

"తాగడానికైనా బతికుండాలి గదమ్మా."

గౌరమ్మ లేచి కొడుకు మెడలోంచి మాల తీసి, స్వామి పటానికి తగిలించింది. అంబులెన్స్ సందులోకి రాదు. నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురం రోడ్డుదాకా మోశాం. రైల్వే ఆస్పత్రి గుమ్మంలో అప్పన్నకి ఫిట్స్ వచ్చాయి. డాక్టర్ శర్మిష్ఠగారు అక్కడే ఉన్నారు కనుక సరిపోయింది. ఇంటి దగ్గర వచ్చి ఉంటే ఏమయ్యేదో తర్వాత గౌరమ్మకి హిందీలో ఆవిడే చెప్పారు, మెత్తగానే అయినా దాచకుండా.

కొన్నాళ్ళకి అప్పన్న మనిషయ్యాడు. అక్కడితో ప్రాణగండం తప్పింది, ఉద్యోగ గండం మిగిలింది. ఇప్పుడు ఎవరి మాట వాళ్ళది. బయట తాళాలు వేసే ఏదో సెంటర్‌లో ఆరు నెలలు పడెయ్యాలని బంధువులు అన్నారు. పెద్ద వైద్యమే మంచి వైద్యమని వాళ్ళ లెక్క. ఒళ్ళు బాగుంది కదా, ఇక క్రేన్ ఎక్కమని షాపువాళ్ళు. ఈ రెండూ తప్పేనని నాకు తెలుసు.

పుస్తకం ప్రకారం అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. తాగుడు ఆపినందువల్ల ప్రమాదం ఇంకా ఉందా? వేరే జబ్బులున్నాయా? మనసు నిలకడగా ఉందా? మానాలని తనకే ఉందా? మళ్ళీ తాగే అవకాశం ఎంత? ఇంటి చుట్టుపక్కల ఎలా ఉంది? డాక్టరుగారు వీటినే ఒక్కొక్కటిగా అడుగుతుంటే, ఆవిడ కంటే ముందే నేను తర్వాతి ప్రశ్న అందించాను. ఆవిడ కలం ఆపి, ఎక్కడ చదువుకున్నారని అడిగారు. ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో అన్నాను. అంత గర్వంగా నేను ఏ జవాబూ ఇచ్చిన గుర్తు లేదు.

అప్పన్నకి మానాలని ఉంది. ఇంట్లో తల్లి, భార్య అండగా ఉన్నారు. కనుక తాళాలు అక్కర్లేదు. కానీ సందు చివర పాత స్నేహితుల జట్టు రోజూ కూర్చుంటుంది. కనుక అప్పుడప్పుడు ఓపీకి వెళ్ళడం చాలదు. సుభాష్‌పల్లిలో ఒక చిన్న సేవాసంస్థ నడిపే పగటి కేంద్రానికి రోజూ వెళ్ళాలని డాక్టరుగారు నిర్ణయించారు. లక్ష్మి అతన్ని పొద్దున్నే సైకిలు మీద పంపి, సాయంత్రం తనే ఎదురు వెళ్ళేది, ఆ జట్టు పక్కనుంచి ఒంటరిగా రానివ్వకుండా.

ముఖర్జీగారితో మాట్లాడడం నా వంతు. సిక్ సర్టిఫికెట్ ఉన్నంతకాలం గైర్హాజరు లెక్కలోకి రాదు. తర్వాత కూడా డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా కేబిన్ ఎక్కించకూడదు అని చెప్పాను.

"సూర్యారావు బాబూ, లైబ్రరీలో డాక్టరీ పాసయ్యారా?" అని నవ్వి, "ఠీక్ హై. కింద నిలబడి గొలుసులు తగిలించే పని ఇస్తా," అన్నారు.

హోలీ రోజు అప్పన్న తాగాడు. గౌరమ్మ మా ఇంటికొచ్చి, అంతా గంగలో కలిసిపోయింది, ఇక ఆడు బాగుపడడు అని ఏడ్చింది. నరసింగరావు ఆమె వెనకే వచ్చాడు.

"షాపునుంచెళ్ళిన బండి మల్లీ షాపుకి రాదేటమ్మా? వత్తే పారేత్తామా?"

నా మాట అతని నోట అలా వినిపించింది. ఈసారి అప్పన్న కొన్ని వారాలు కేంద్రంలోనే ఉండి వైద్యం చేయించుకున్నాడు. తర్వాత మళ్ళీ పగటిపూట వెళ్ళడం, ఆపైన వారానికోసారి, చివరికి ఓపీ. పెద్ద వైద్యానికి పోవలసి రావడం ఓటమి కాదని, చిన్నదానికి దిగడం నిర్లక్ష్యం కాదని ఆ ఇంట్లోవాళ్ళందరికీ అర్థమయింది.

వర్షాకాలంలో వైద్య పరీక్ష నెగ్గి అప్పన్న క్రేన్ ఎక్కాడు. విశ్వకర్మ పూజ రోజు షాపు గేట్లు కుటుంబాలకి తెరుస్తారు. యంత్రాలకి పసుపు కుంకుమలు పెట్టి ఆ రోజుకి విశ్రాంతినిస్తారు. గౌరమ్మ కింద నిలబడి కేబిన్ కేసి తలెత్తి చూసింది.

"ఇంతెత్తు కూకుంతావేట్రా!" అని, మళ్ళీ "ఆ వనుకుడు సేతుల్తోనేనా?" అంది.

పక్కనే నిలబడ్డ అప్పన్న జవాబుగా రెండు చేతులూ చాచి చూపించాడు. అవి కదల్లేదు. ఆ ఏడు చివర నేను రిటైరయ్యాను.

తాగుడు మాన్పించడానికి మంచి వైద్యం, చెడ్డ వైద్యం అని రెండు లేవు. ఆ మనిషికి ఆ రోజు సరిపోయేది, సరిపోనిది అని ఉన్నాయి. అడిగి తెలుసుకుంటే ఏది సరిపోతుందో తేలుతుంది. రోజులు గడిచినకొద్దీ మళ్ళీ అడగాలి. నేను నేర్చుకున్నది ఇదే.

ఇంగ్లీషు రాని రోజుల్లో విసుక్కోకుండా నాకు నిఘంటువు వాడడం నేర్పి, ఆ లావుపాటి పుస్తకాన్ని గడువు దాటినా నా దగ్గరే ఉండనిచ్చిన లైబ్రేరియన్ తపన్ దాదాకి నా కృతజ్ఞతలు. గుమ్మంలోనే ప్రాణం పట్టుకున్న డాక్టర్ శర్మిష్ఠగారికి, నవ్వుతూనే మాట నిలబెట్టుకున్న ముఖర్జీగారికి, ఎవరికీ తోచని ప్రశ్న అడిగిన లక్ష్మికి, మాల తీసిన గౌరమ్మకి, పేరు మార్చనక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాయమన్న అప్పన్నకి కృతజ్ఞతలు. చివరగా నరసింగరావు గురుస్వామికి. ఇప్పుడు కూడా కార్తీకంలో మాల వేయమని అతని దగ్గరికి జనం వస్తారు. మాల చేతిలోకి తీసుకునే ముందు ఒక్క మాట అడుగుతాడు:

"పొద్దున్న తాగకపోతే సెయ్యి వనుకుతాదా?"

అవునన్నవాడికి మాల వెయ్యడు. వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఆ వైద్యం అయ్యాక వేస్తాడు.